కుండ అడిగిన మాట

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లోనే ఉంటే గోడలు చూసి చూసి పిచ్చెక్కేలా ఉంది. లిఫ్టులో ఉన్నవాళ్ళు నన్ను చూడగానే మాట్లాడుకుంటున్న మాట మింగేశారు. మా అంతస్తు వచ్చేదాకా అందరూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు, దాని మీదేదో సినిమా ఆడుతున్నట్టు. పోనీలే, వాళ్ళు మాత్రం ఏమంటారు పాపం.

సౌండ్ గదిలో మా ఆయన కుర్చీ అలాగే ఉంది. అద్దంలోంచి కనిపించింది. తల తిప్పుకున్నాను.

మా టీం లీడ్ నా పక్కన కూర్చుని, మేం తయారుచేస్తున్న వీడియో ఆట మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పుకొచ్చాడు, నిన్నగాక మొన్న చేరినదానికి చెప్పినట్టు. "ప్రపంచం కాలిపోతుందక్కా. మిగిలిన కొద్దిమంది తమ మెదళ్ళు తీయించుకుని రోబోల్లో పెట్టించుకుంటారు. ఒళ్ళంతా ఇనుము, లోపల బతికున్న బుర్ర. వందేళ్ళ తర్వాత మన హీరో వస్తాడు..." ఈ ఆట పరీక్షించడమే కదరా నాయనా నా ఉద్యోగం, ఇందులో ఏ గోడకి చిల్లుందో నీకన్నా నాకే బాగా తెలుసు అందామనుకున్నాను. అనలేదు. చెప్పనిచ్చాను. మా ఇంటి చావు కాకుండా వేరే ఏ చావు గురించి మాట్లాడినా ప్రాణానికి హాయిగా ఉంది.

చివర్లో గొంతు తగ్గించాడు. "కుండ భాగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తానక్కా. నువ్వేం పెట్టుకోకు."

ఎందుకన్నాను.

"అందులో ఇంకా అన్నయ్య గొంతే ఉంది. టెంపరరీది. మార్చలేదింకా."

కుండ నాకే కావాలని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, వెనక వరసలో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆగస్టు 5, మంగళవారం

విన్నాను.

కాలిపోయిన రైల్వే స్టేషన్లో వెయిటింగ్ హాలు. సగం పైకప్పు లేదు. మూల బెంచీ పక్కన కుండ కూర్చుని ఉంటుంది. ఆ రోబోకి అసలు పేరేదో ఉంది కానీ పొట్ట గుండ్రంగా ఉంటుందని ఆఫీసులో అందరం కుండ అనే అంటాం. పొట్టకి గాజు కిటికీ, లోపల ఆకుపచ్చ నీళ్ళు, నీళ్ళలో మెదడు. మాట్లాడితే బుడగలు లేస్తాయి. దగ్గరికి వెళ్ళగానే తల నా వైపు తిప్పింది.

"అమ్మయ్య, మనిషే! రా రా. ఆ తుపాకీ మాత్రం అటు తిప్పు. నా దగ్గర బుర్ర తప్ప ఇంకేం లేదు."

మా ఆయనే. జలుబు చేసిన రోజు చెప్పాడు, ముక్కు దిబ్బడ కూడా అలాగే ఉంది.

పేరున్న నటులు ఎప్పుడూ ఆఖర్నే వస్తారు. అప్పటిదాకా ఆఫీసులో ఖాళీగా దొరికినవాళ్ళ చేత డైలాగులు చదివించి ఆటలో పెట్టుకుంటాం. నటుడి గొంతు వచ్చాక ఇవి తీసేస్తాం. ఆ రోజు రికార్డింగు గది ఖాళీ లేదు. స్టోరు గదిలో అట్టపెట్టెల మధ్య, నెత్తిన దుప్పటి కప్పుకుని చెప్పాడు, బయటి చప్పుళ్ళు పడకుండా. దుప్పటి కొసలు పట్టుకున్నది నేనే. చేతులు పీకేస్తున్నాయి, త్వరగా కానివ్వు మహానుభావా అని తిట్టాను కూడా. ఆ ఫైళ్ళు ఆటలోకి ఎక్కించిన వారంలోనే ఆయన పడిపోయాడు. తర్వాత ఆ హాల్లోకి ఎవరూ వెళ్ళలేదట.

ఏమీ చేయకుండా ఊరికే నిలబడితే కుండ తనలో తను ఏదో గొణుగుతుంది. రాసిచ్చిన గొణుగుళ్ళు అయిపోతే మా ఆయన సొంతవి కొన్ని కలిపాడు. "చెప్పులు విప్పి రా, ఇప్పుడే తుడిచాను" అంటాడు, చుట్టూ మోకాలెత్తు బూడిద! కాసేపాగి, "అవునూ, గ్యాస్ కట్టేశావా?"

ఇల్లు తాళం వేసిన ప్రతిసారీ అడిగేవాడు. మెట్లు దిగాక ఒకసారి, బండెక్కాక ఒకసారి.

"లేదు" అన్నాను పైకే. పక్క సీటు అమ్మాయి హెడ్‌ఫోన్స్ సర్దుకుని ఏమీ విననట్టు నటించింది. తర్వాత బాత్రూంకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

ఆగస్టు 7, గురువారం

గ్యాస్ కట్టేశానని చెప్పాను ఇవాళ. నిజంగానే కట్టేసి వెళ్ళాను.

ఆగస్టు 8, శుక్రవారం

ఒక కిటుకు కనిపెట్టాను. పని కోసమే.

కుండ దగ్గరికి హీరో మూడుసార్లు వెళ్తాడు. మొదటిసారి జోకులు. రెండోసారి కుండ తన పాత ఇల్లు గుర్తు తెచ్చుకోవాలని చూస్తుంది, సగమే గుర్తొస్తుంది. మూడోసారి వెళ్తే, "ఒక్క సాయం చెయ్యి. నన్ను ఆపేయి" అని అడుగుతుంది. అక్కణ్ణుంచి మూడు దారులు. బుర్ర పీకి బ్యాటరీ తీసుకుని పోవచ్చు. ఏమీ చేయకుండా వెళ్ళిపోవచ్చు. లేదా వీపు మీదున్న మీట నొక్కి పట్టుకుని ఆపేయొచ్చు. పరీక్షించేవాళ్ళం కాబట్టి మూడూ ఆడి చూడాలి.

రెండోసారి దగ్గరే ఆటని సేవ్ చేసి పెట్టుకున్నాను. మాటలు అయిపోగానే ఆ సేవ్‌కి వెనక్కి వెళ్తాను. అలా చేస్తే మూడోసారి ఎప్పటికీ రాదు. గొణుగుళ్ళన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలిగా మరి, అందుకు ఇదే మంచి పద్ధతి.

పట్టికలో మూడు దారుల పక్కనా 'పాస్' అని పెట్టాను. లీడ్ అటుగా వెళ్తూ, "ఆపే దారి కూడా ఆడావా అక్కా?" అన్నాడు. ఆడానన్నాను. సోమవారం ఆడతాను. ఎటూ ఆడతాను కదా, ముందు రాస్తే తప్పేముంది.

ఆగస్టు 11, సోమవారం

కుదరలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఫ్యాను తుడుస్తోంది. స్టూలెక్కి, ఆ వయసులో. దిగండి అన్నాను. "దిగుతాలే, పడితే పడతాను" అంది. ఒళ్ళు మండింది. ఆవిడ అన్నం వడ్డించి పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పాలు వచ్చాయా, తాళం ఎక్కడుంది, నీళ్ళు ఆగిపోయాయి. ఇవే మా ఇద్దరి మాటలు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతే.

ఆయనకి తలలో నరం చిట్లింది. భోజనానికి లేస్తూ లేస్తూ పడిపోయాడు. ఆటలో ఒళ్ళు పోయి బుర్ర బతుకుతుంది, మా ఇంట్లో తిరగేసి జరిగింది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉండేది. గెడ్డం పెరిగేది. గొంతులో గొట్టం ఉండడం వల్ల మాట మాత్రం లేదు, గొట్టం తీసినా రాదన్నారు. ఇక లాభం లేదు, మిషన్ తీసేయడమే మంచిది, మీరే ఆలోచించుకోండి అన్నాడు డాక్టరు.

అత్తయ్య వెంటనే అంది. "చాలమ్మా. వాణ్ణి వదిలేద్దాం."

కాస్త కూడా ఆగలేదు. వరండాలో అందరి ముందూ అరిచాను, "మీది కన్నపేగేనా అసలు?" అని. సంతకం పెట్టనంటే పెట్టనన్నాను. చివరికి ఎవరి సంతకమూ అక్కర్లేకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ మాట ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. క్షమించలేను కూడా. ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఆగస్టు 14, గురువారం

కబురు వచ్చింది. సెప్టెంబరు మూడున నటుడు వస్తున్నాడు, కుండకి గొంతు ఇవ్వడానికి. ఆ సాయంత్రమే గొంతులన్నీ లాక్. లాక్ అయ్యాక ఆటలో ఒక్క దగ్గు కూడా మార్చడానికి వీల్లేదు. టెంపరరీవన్నీ తుడిచేస్తారు.

సౌండ్ గదిలో మా ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల నన్ను మెట్ల దగ్గర పట్టుకుని చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టింది. "సార్‌వి అన్నీ ఉన్నాయి మేడం. కత్తిరించనివి, మొత్తం." దాని కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. పిచ్చిపిల్ల.

ఇంటికొచ్చి పెట్టి విన్నాను. "కుండ, ఒకటి" అని చెప్పి ఒక డైలాగు. "కుండ, రెండు" అని ఇంకోటి. రెండు విని తీసేశాను. అందులో ఆయన నాతో మాట్లాడడం లేదు. నేను వచ్చినా రాకపోయినా అదే మాట, అదే దగ్గు. ఆటలో అయితే నేను హాల్లో అడుగు పెట్టగానే తల తిప్పుతాడు. అమ్మయ్య, మనిషే అంటాడు. దూరం జరిగితే ఎక్కడికని అడుగుతాడు. ఫైల్లో ఉన్నది పోయిన మనిషి గొంతు. ఆటలో ఉన్నది ఆయన.

ఇది పిచ్చి అని నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆగస్టు 18, సోమవారం

గెడ్డం దగ్గరికి వెళ్ళాను. ఆట మొత్తానికి డైరెక్టరు ఆయనే, గెడ్డం అని పిలుస్తామని ఆయనకీ తెలుసు. కుండకి మా ఆయన గొంతే ఉంచెయ్యమని అడిగాను. ఎన్నో చెప్పాలని వెళ్ళాను కానీ, "ఉంచెయ్యండి సార్" అన్న ఒక్క మాటే వచ్చింది, దాన్నే తిప్పి తిప్పి అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "స్టోరు గదిలో చెప్పిందమ్మా అది. ముక్కు దిబ్బడ. వెనకాల ఏసీ మోగుతోంది. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు నవ్వుతాడు. మీ ఆయన్ని చూసి నవ్వడం నీకిష్టమేనా?"

"నవ్వించడానికేగా సార్ చెప్పింది."

"ఆ నవ్వు వేరు, ఈ నవ్వు వేరు." తర్వాత మెల్లగా అన్నాడు, "పని బాగాలేకపోతే వాడే ముందు నామీదికి దెబ్బలాటకి వచ్చేవాడు. నీకు తెలీదా?"

తెలుసు. అందుకే లేచి వచ్చేశాను. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆగస్టు 20, బుధవారం

కుండ తల తిరగడానికీ గొంతుకీ పొంతన కుదరడం లేదని రిపోర్టు పెట్టాను. అది సరిచేసేదాకా గొంతు మార్చకూడదని కూడా రాశాను. నీళ్ళలో బుడగలు ఆలస్యంగా లేస్తున్నాయని ఇంకొకటి. నీడ తప్పు పడుతోందని ఇంకొకటి.

కాస్త ఆలస్యంగా లేస్తున్నాయి కూడా. జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది.

ఆగస్టు 22, శుక్రవారం

బుడగల మీద ప్రోగ్రామర్లు రెండ్రోజులు తలలు బద్దలు కొట్టుకున్నారు. అంతా బాగానే ఉందని తేలింది. లీడ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్కా, నాకర్థమవుతోంది. ఎవరికీ చెప్పను. కానీ ఇంక పెట్టకు."

సరే అన్నాను. వాడు లేచి వెళ్తూ భుజం తట్టబోయి, తట్టాలో వద్దో తెలియక నా కుర్చీని తట్టి వెళ్ళాడు.

ఆగస్టు 23, శనివారం

శనివారాలు ఇంటి నుంచే పని. ఆఫీసు లాప్‌టాప్, గేమ్ కంట్రోలర్ తెచ్చుకున్నాను. హెడ్‌ఫోన్స్ ఒక చెవే పలుకుతోంది, సగం గొంతు నాకెందుకని స్పీకర్లోనే పెట్టుకున్నాను. తలుపు వేసుకున్నాను, ఆవిడకి వినపడదు.

ఉదయం నుంచి చీకటి పడేదాకా వెయిటింగ్ హాల్లోనే ఉన్నాను. ఆయన రెండోసారి మాటల్లో, "మా ఇంటికి పచ్చ తలుపుండేది... లేక నీలమా? ఎవరో లోపల్నుంచి గొళ్ళెం తీసేవారు. ఎవరబ్బా?" అంటాడు.

నేనే, అంటాను. వెనక్కి వెళ్తాను. మళ్ళీ అడుగుతాడు. నేనే, అంటాను.

ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ కూడా.

ఆగస్టు 27, బుధవారం

ఆపే దారి ఆడాలి. లాక్ అయ్యేలోపల ఆడాలి. ఆడతాను.

ఆగస్టు 30, శనివారం

ఆడలేదు.

గదిలోంచి బయటికి వస్తుంటే తలుపు పక్కన, నేల మీద, గోడకి ఆనుకుని అత్తయ్య కూర్చుని ఉంది. చేతిలో చిక్కుడుకాయల గిన్నె, ఒక్కటి కూడా ఒలవలేదు. నన్ను చూడగానే లేవబోయింది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. చెయ్యి ఇచ్చాను. ఆవిడ చెయ్యి నేను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

ఇక్కడేం చేస్తున్నారని అడిగాను. "చల్లగా ఉందని కూర్చున్నాలే" అంది.

ఆగస్టు 31, ఆదివారం

మొత్తం రాయాలి. ఒక్క మాట కూడా మర్చిపోకూడదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పళ్ళేలు తీస్తూ, నా మొహం వంక చూడకుండా అడిగింది.

"ఏమ్మా, నిన్నొకటి అడగనా? నవ్వవుగా?"

"అడగండి."

"వాడి గొంతు నాకు వినిపిస్తోందే. నీ గదిలోంచి. పోయిన వారం నుంచీ. మతి పోయిందనుకున్నాను. ముసలిదాన్ని, పోయినా పోవచ్చు. నీకు చెబితే ఆగిపోతుందేమోనని చెప్పలేదు."

ఈ వారమంతా మతి పోయిందనుకుని, ఆ పోయిన మతినే పట్టుకుని తలుపు బయట కూర్చుందా ఈవిడ! లాప్‌టాప్ హాల్లోకి తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కన కూర్చోబెట్టి చెప్పాను, ఇదీ ఆట, వీడు కుండ, లోపలున్నది బతికున్న బుర్ర, మాటలు మీ అబ్బాయివి, బుధవారం తీసేస్తారు అని. ఆవిడకి సగం అర్థమైంది, మిగతా సగం అక్కర్లేకపోయింది.

కంట్రోలర్ ఆవిడ చేతుల్లో పెట్టి, బొటనవేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి నడిపించాను. హీరో రెండుసార్లు గోడకి గుద్దుకుని వెయిటింగ్ హాల్లోకి వచ్చాడు. కుండ తల తిప్పింది.

"అమ్మయ్య, మనిషే! రా రా."

"వచ్చాన్రా" అంది అత్తయ్య. వెంటనే. ఎదురింటినుంచి వచ్చినట్టు.

ఆయన చెప్పులు విప్పమంటే, "ఏనాడైనా తుడిచావట్రా నువ్వు? చీపురు పట్టుకున్న మొహమేనా!" అని నవ్వింది. గ్యాస్ సంగతి అడిగితే నా వైపు చూసి, "వాళ్ళ నాన్నా ఇంతే, ఊరు దాటేదాకా అడిగేవాడు" అంది. మా ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో. రెండోసారి పచ్చ తలుపా, నీలం తలుపా అని ఆయన తడుముకుంటుంటే, "నీలంరా, నువ్వే రంగేశావు, సగం నేలకే వేశావు" అంది. నేను పక్కన కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాను. పిచ్చిదానిలా.

మాటలు అయిపోయాయి. అలవాటుగా వెనక్కి వెళ్ళడానికి చెయ్యి చాపాను.

"ఏం చేస్తున్నావ్?"

"వెనక్కి వెళ్దాం. మళ్ళీ మొదట్నుంచి చెప్తాడు."

"తర్వాత ఇంకేం లేదా?"

లేదని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఉంది అన్నాను, వద్దు అన్నాను. ఆవిడ కంట్రోలర్ ఇవ్వలేదు. అప్పటికి కాస్త చేతనైంది. బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. మూడోసారి.

కుండ తల తిప్పలేదు. బుడగలు నెమ్మదిగా లేచాయి.

"వచ్చావా. ఒక్క సాయం చెయ్యి. చాలా ఏళ్ళయింది, అలసిపోయాను. వీపు మీద మీట ఉంది, నాకు అందదు. నన్ను ఆపేయి."

ముక్కు దిబ్బడ, ఏసీ మోత, అన్నీ ఉన్నాయి. అయినా అది ఆయన అడిగినట్టే ఉంది.

"ఏ బటనమ్మా?" అంది అత్తయ్య.

"వద్దత్తయ్యా. పదండి, వెళ్ళిపోదాం. వెళ్ళిపోవచ్చు, తప్పేం కాదు."

"వాడు అడుగుతున్నాడే."

"ఆయన అడగడం కాదది! ఎవరో రాసిచ్చారు, ఆయన చదివాడు అంతే!"

"ఎవరు రాస్తేనేం. అడిగేది వాడేగా." అప్పుడు నా వైపు తిరిగింది. "నేనేదో రాయినని అనుకున్నావు నువ్వు. వాడికి చిన్నప్పుడు సూది పొడిస్తే నేను బయటికి పరుగెత్తేదాన్ని, చూడలేక. ఆ రోజు ఆసుపత్రిలో వాడికి ఇంకో సూదికి నరం వెతుక్కుంటున్నారు. చేతుల్లో చోటు లేక కాళ్ళకి పొడుస్తున్నారు. ఇంక నావల్ల కాలేదే. వాడు నోరు తెరిచి అడగలేడు, అందుకని నేనన్నాను. నాకు మాత్రం వాడు అక్కర్లేకనా?"

ఆవిడ వేలు పట్టుకుని ఆ బటన్ మీద పెట్టాను.

అది నొక్కి పట్టుకోవాలి. వదిలేస్తే మీట వెనక్కి వచ్చేస్తుంది, కావాలనే అలా పెట్టారు, మనసు మార్చుకునేవాళ్ళ కోసం. ఆవిడ రెండు బొటనవేళ్ళతో నొక్కింది. మధ్యలో ఎక్కడా వదల్లేదు. ఆకుపచ్చ దీపం తగ్గుతూ వచ్చింది. "మంచి పని చేశావు" అన్నాడు ఆయన. ఒక బుడగ లేచింది. ఇంకోటి లేవలేదు. స్టేషనంతా చీకటి.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆ చీకట్లో కుర్చీ కిర్రుమంది. దుప్పటి రాసుకున్న చప్పుడు. పెద్ద తుమ్ము.

"అబ్బ! ఎలా ఉందే? సరిగ్గా చచ్చానా?"

ఒక ఆడమనిషి పకపకా నవ్వింది.

"ఛీ, అవేం మాటలు! చేతులు పడిపోతున్నాయి నాకు. పద, ఆకలేస్తోంది."

"పద పద. ఏం తిందాం?"

అంతే. టక్కున ఆగిపోయింది.

నేను. ఆ నవ్వింది నేను. డైలాగు చెప్పాక చివర కత్తిరించడం మర్చిపోయారు, స్టోరు గదిలో మా మాటలు అలాగే ఆటలోకి ఎక్కాయి. ఆ రోజు ఏం తిన్నామో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. ఈ దారి ఒక్కసారి ఆడినా మొదటిరోజే పట్టుకుని ఉండేదాన్ని, మర్నాటికల్లా కత్తిరించేసేవాళ్ళు. ఆడకుండానే పాస్ రాశాను కాబట్టి ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.

అత్తయ్య కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని తెర వంకే చూస్తోంది. "బాగానే నవ్వావే నువ్వు" అంది. ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఒళ్ళో తల పెట్టాను. వరండాలో నేనన్న మాటకి క్షమించమని అడగాలనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. ఆవిడ నా జుట్టు చిక్కులు తీస్తూ కూర్చుంది.

సెప్టెంబరు 1, సోమవారం

పట్టికలో పాస్ కొట్టేసి రిపోర్టు పెట్టాను. "కుండ, ఆపే దారి. చివర్లో అనవసరపు మాటలు ఉన్నాయి. కత్తిరించాలి." వీడియో జతచేశాను. ఆడకుండా పాస్ రాసినట్టు లీడ్‌కి చెప్పాను. వాడు వీడియో చూశాడు, నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు.

సాయంత్రం గెడ్డం పిలిచాడు. కళ్ళజోడు బల్ల మీద ఉంది.

"ఇది ఉంచేద్దాం" అన్నాడు. "మిగతా అంతా నటుడిదే. ఈ చివరి ముక్క మాత్రం ఉంచేద్దాం. ఇంతకన్నా మంచి ముగింపు నేను రాయలేను. నువ్వు అడిగావుగా, వాడి గొంతు ఉంచమని."

అడిగాను. బతిమాలాను. ఆ మాట కోసం లేని తప్పులు కూడా రాశాను. ఇప్పుడు ఆయనే ఇస్తానంటున్నాడు, ఊఁ అంటే చాలు. ఎక్కడెక్కడి ఇళ్ళల్లోనో మా ఆయన తుమ్ముతాడు, నేను నవ్వుతాను, ఆకలేస్తోందంటాను. ఎప్పటికీ.

"కత్తిరించెయ్యండి సార్" అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఆపేయమన్నాడు కద సార్."

మెట్లు దిగేదాకా బాగానే ఉన్నాను. కింద బండి దగ్గర నిలబడి ఏడ్చాను. ఉంచమని మళ్ళీ పైకి వెళ్ళి చెబుదామని రెండుసార్లు అనుకున్నాను.

సెప్టెంబరు 3, బుధవారం

నటుడు వచ్చాడు. మంచివాడు, బాగా చెప్పాడు. మధ్యాహ్నానికి అయిపోయింది.

సెప్టెంబరు 4, గురువారం

కొత్త గొంతుతో మూడు దారులూ ఆడాను. బుర్ర పీకే దారి ఆడాను. వెళ్ళిపోయే దారి ఆడాను. ఆఖర్న ఆపే దారి.

కుండ అడిగింది. మీట మీద వేలు పెట్టాను. సగంలో ఒకసారి వేలు దానంతటదే లేచిపోయింది, దీపం మళ్ళీ వెలిగింది. మళ్ళీ మొదట్నుంచి నొక్కాను. ఈసారి పూర్తిగా ఆరిపోయేదాకా పట్టుకున్నాను. తర్వాత ఏమైనా వినిపిస్తుందేమోనని చాలాసేపు ఆగాను.

గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. పాస్ అని రాశాను.